ఇంగ్లండు ధర్మగృహములు – మనము కట్టబోవు ఇల్లు

(తిరువూరు పాస్టరేట్ కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



శతాబ్ది సంవత్సరమునకు గుర్తుగా మన పాస్టరేట్‌లోని దిక్కులేని వృద్ధ విధవరాండ్రకు ఒక వసతి కట్టవలెనని కమిటీవారు తీర్మానించిన సంగతి మీకందరికి తెలిసినదే. స్థలము చర్చి వెనుకనే ఉన్నది. చందాల పుస్తకము తిరుగుచున్నది. ప్లాను కూడ గీయించితిమి. పొడవాటి హాలు ఒకటి, అటు ఆరు మంచములు, ఇటు ఆరు మంచములు, ఒక మూల వంటగది, వెనుక మరుగుదొడ్లు. చవకగా, శుభ్రముగా, త్వరగా పూర్తియగు ప్లాను. గీయించినవారము మేమే గనుక అందులోని తప్పును మరియొకరిమీద వేయుటకు వీలులేదు.

ఆ కాగితము పట్టుకొని పాలెములోని ఒక మామ్మ యొద్దకు వెళ్లితిమి. ఆమెకు ఎనుబది దాటినవి. తాటాకు పాకలో ఒక్కతే ఉండును. వాన వచ్చిన గిన్నెలన్నియు కారు చోట్ల పెట్టుకొని మేలుకొని కూర్చుండును. "మామ్మా, నీకు మంచము, దుప్పటి, మూడు పూటల భోజనము, నెత్తిమీద ఫ్యాను" అని చెప్పితిమి. ఆమె అంతయు వినెను. కాగితమును తలక్రిందులుగా పట్టుకొని కొంతసేపు చూచెను.

"అంతా బాగానే ఉందయ్యగారూ. నా పొయ్యి ఎక్కడ పెట్టుకోవాలి?" అనెను.

"వంట అందరికీ ఒకచోటే మామ్మా. నీకిక పొయ్యితో పనిలేదు."

"పొయ్యి లేకపోతే అది ఇల్లెట్టా అవుద్దయ్యా?"

మా దగ్గర జవాబు లేకపోయెను. ఇంటికి వచ్చి, వేదాంత కళాశాలలో సంఘచరిత్ర చదువుకొన్ననాటి నోటుపుస్తకములు తీసితిమి. అటుపిమ్మట దొరికిన పుస్తకములును, కట్టడముల పటములును చూచితిమి. మామ్మ అడిగిన ప్రశ్ననే ఇంగ్లండు సంఘము ఆరు వందల ఏండ్ల క్రిందట ఎదుర్కొనినట్లు తెలిసికొంటిమి. ఆ దేశమును మేము కన్నులతో చూడలేదు. అయినను ప్లాను చూచుట వచ్చినవానికి, ఒక ఇల్లు కట్టినవారు అందులో ఉండబోవు మనుష్యులను గూర్చి ఏమనుకొనిరో తెలియకపోదు. ఆ సంగతులే నేడు మీ ఎదుట పెట్టుచున్నాము.

వారు ఆమ్స్‌హౌస్ అని పిలుచు దానిని మనము ధర్మగృహము అనుకొందము. పాత కాలమున దానినే హాస్పిటల్ అనిరి. ఆ మాట వినగానే మనకు సూదులు, మందులు జ్ఞాపకమునకు వచ్చును గాని, మొదట దానికి అతిథిని చేర్చుకొను ఇల్లు అని అర్థము. డాక్టరు లేని హాస్పిటళ్లవి. ఇంకొక పేరు బీడ్‌హౌస్. బీడ్ అనగా పాత ఇంగ్లీషులో ప్రార్థన. దాత ఆత్మ కొరకు ప్రార్థించుటయే అక్కడి ముసలివారు చెల్లించు అద్దె. ఆ ప్రార్థన విషయములో మన తలంపు వేరు. దానిని ప్రస్తుతము ప్రక్కన పెట్టుదము.

ఇంగ్లండు దక్షిణ భాగమున చిచెస్టర్ అను పట్టణము కలదు. అక్కడి సెయింట్ మేరీస్ హాస్పిటల్ హాలును 13వ శతాబ్దపు చివరి రోజులలో కట్టిరి. అది నేటికిని నిలిచియున్నది. కోడి రెక్కలు దించి పిల్లలను పొదివికొనినట్లు దాని కప్పు ఇరుప్రక్కల చాల క్రిందికి దిగి వచ్చును. లోపల చర్చిలోవలెనే నడుమ దారి, ఇరువైపుల కొయ్య స్తంభములు, స్తంభముల వెనుక మంచములు. తూర్పు కొనను చాపెల్. మంచమునపడిన మనిషి తల త్రిప్పిన చాలు, బల్ల కనబడవలెనని ఆ యేర్పాటు. ఈ పటము చూచినప్పుడు మాకు నవ్వు వచ్చెను, సిగ్గును వేసెను. అది మేము గీయించిన ప్లానే! ఏడు వందల ఏండ్ల నాటి దానిని క్రొత్తగా కనిపెట్టినామనుకొంటిమి.

అయితే ఆ హాలు లోపల అట్లే నిలువలేదు. 17వ శతాబ్దములో స్తంభముల మధ్య గోడలు పెట్టి చిన్న చిన్న ఇండ్లుగా చేసిరి. వాటికి నిప్పుగూళ్లు అమర్చిరి. ఆ పాత కప్పును చీల్చుకొని పెద్ద పెద్ద ఇటుక పొగగొట్టములు పైకి లేచినవి. అంత అందమైన కప్పుమీద అవి మోటుగా కనబడును. మాకైతే కట్టడమంతటిలో ఆ మోటు గొట్టములే ఇష్టమైనవి. మంచము ఇచ్చిన చాలదనియు, నిప్పు ఇవ్వవలెననియు ఎవరో ఒకరు ఒప్పుకొనిన దినమున అవి లేచినవి.

ఈ ఒప్పుకోలు చిచెస్టర్ కంటె ముందే మరియొకచోట వ్రాతలో కనబడుచున్నది. ఆక్స్‌ఫర్డ్ జిల్లాలో యూఎల్మ్ అను పల్లె కలదు. సఫోక్ ప్రభువైన విలియం డి లా పోల్, అతని భార్య ఆలిస్ 1437లో రాజు అనుమతి పొంది అక్కడ పదుముగ్గురు బీదలకు ధర్మగృహము కట్టించిరి. ఈ ఆలిస్ ఇంగ్లీషు కవి చాసర్‌కు మనుమరాలు. వారు వ్రాయించిన నియమములలో ఒక సంగతి మమ్ములను ఆపివేసినది. ప్రతి మనిషికిని ప్రత్యేకముగా ఒక చిన్న యిల్లు, అందులో పొగగొట్టముతో కూడిన నిప్పు ఉండవలెను. అతడు తన మట్టుకు తాను తిని, త్రాగి, విశ్రమించి, కొన్ని వేళల ఒంటరిగా ప్రార్థించుకొనుటకు వీలుండవలెను అని దాని భావము. ఆ కాలమున ప్రభువుల ఇండ్లలోని పనివారు సహా గుంపుగా పండుకొనెడివారు. అట్టి రోజులలో బీదవానికి ఒక తలుపు, ఒక పొయ్యి ఇచ్చుట సామాన్యమైన తలంపు కాదు.

కట్టిన విధమును చూడుడి. నడుమ చతురస్రమైన ముంగిలి. చుట్టు కప్పు వేసిన వసారా. వసారాలోనికి ఒక్కొక్కరి తలుపు. ఒకరి గుమ్మములో నిలువబడిన మిగిలినవారి గుమ్మములు కనబడును. తెల్లవారి ఒక తలుపు తీయకపోయిన యెడల పొరుగువారికి వెంటనే తెలియును. మన మండువా లోగిలి చూచినవారికి ఇది వింతగా తోచదు. చర్చి ఎగువన ఉన్నది. దాని పడమటి ద్వారమునుండి మెట్లు దిగిన నేరుగా ఈ వసారాలోనికి రావచ్చును. ప్రక్కనే బడి కట్టించిరి. పల్లెలోని చదువు, ప్రార్థన, ముసలితనము ఒకే ఏటవాలు మీద ఉన్నవి. విలియం ప్రభువు 1450లో శత్రువుల చేతికి చిక్కి పడవమీద తల నరకబడి చనిపోయెను. ఆలిస్ 1475 వరకు జీవించెను. వారి అధికారము పోయినది. వారు కట్టించిన ఇండ్లలో నేటికిని వృద్ధులు కాపురముండుచున్నారు.

వించెస్టర్ దగ్గరి సెయింట్ క్రాస్ ఇంకను పాతది. 1130ల దశాబ్దములో బిషప్ హెన్రీ దానిని స్థాపించెను. లోపల నివసించుటకు పదుముగ్గురు. బయటనుండి వచ్చి ప్రతిదినము భోజనము చేసిపోవుటకు నూరుగురు. దారినపోవు వారెవరైనను ద్వారపాలకుని అడిగిన యెడల చిన్న రొట్టెముక్క, కొమ్ములో కొంచెము బీరు ఇచ్చు వాడుక నేటికిని అక్కడ జరుగుచున్నది. (బీరు సంగతి విని యౌవనస్థులు ఎవరును నవ్వనక్కరలేదు.) 1445లో కార్డినల్ బోఫోర్ట్ ఆ స్థాపనను పెంచెను. ఆ కాలమున వరుసగా కట్టిన రెండంతస్తుల రాతి ఇండ్లు, వాటి ఎత్తైన పొగగొట్టములు ఇప్పటికిని నిలిచియున్నవి. 

ఇదే సెయింట్ క్రాస్‌లో ఇంకొక సంగతియు జరిగెను. మన పెద్దలు దీనిని శ్రద్ధగా వినవలెను. 1808లో అప్పటి బిషప్పుగారు తన స్వంత కుమారునినే ఆ ధర్మగృహమునకు మాస్టరుగా నియమించెను. ఆ కుమారుడు తరువాత గిల్‌ఫర్డ్ ప్రభువాయెను. ధర్మగృహము భూములమీద వచ్చు ఆదాయములో అధిక భాగము ఏండ్ల తరబడి మాస్టరుగారి సంచిలోనికి పోయెను. విషయము కోర్టుకెక్కి, 1853లో తీర్పు ఆయనకు విరోధముగా వచ్చెను. ఈ అల్లరి ఆధారముగానే ఆంథొనీ ట్రొలోప్ 1855లో 'ది వార్డెన్' అను నవల వ్రాసెనందురు. గోడలు బాగుగనే ఉండెను. కప్పు కారలేదు. లెక్కల పుస్తకము మాత్రము కారెను. మన వసతికి చందా వ్రాసిన ప్రతివారికిని సంవత్సరమునకొకసారి లెక్క చదివి వినిపించవలెనని మేము పట్టుబట్టుటకు కారణమిదియే. ఎవరినో అనుమానించి కాదు.

16వ శతాబ్దపు నడుమ, మఠములను మూయించిన దినములలో ఇట్టివి అనేకములు మూతపడినవి. తరువాత కట్టించినవారు వర్తకులు, నగర పెద్దలు, సంపన్నులైన విధవరాండ్రు, బిషప్పులు. క్రాయ్‌డన్‌లో ఆర్చిబిషప్ విట్‌గిఫ్ట్ 1596 మొదలు 1599 వరకు ఇటుకలతో కట్టించిన చతుశ్శాల ఇప్పుడు పెద్ద బజారు నడుమ నిలిచియున్నది. గేటుకవతల వాహనముల హోరు. గేటులోపల పచ్చగడ్డి, ముసలివారి తలుపులు. 20వ శతాబ్దపు తొలి రోజులలో రోడ్డు వెడల్పు కొరకు దానిని పడగొట్టవలెనని యత్నించిరి. ఆపుటకు పార్లమెంటువరకు పోవలసివచ్చెను. జాతీయ రహదారి మీదనున్న మన ఊరివారికి ఇట్టి సంగతులు వేరే చెప్పనక్కరలేదు.

అందరును తెలివిగా కట్టిరని చెప్పము. యార్క్‌షైర్‌లోని బీమ్స్‌లీలో 1593లో కంబర్లండ్ ప్రభువు భార్య మార్గరెట్ విధవరాండ్ర కొరకు ఒక ధర్మగృహము స్థాపించెను. అది గుండ్రని కట్టడము. నడుమ చాపెల్, చుట్టు గదులు. చాల గదులలోనికి పోవలెనన్నను చాపెల్‌లోనుండియే పోవలెను. కాగితము మీద ఎంతో భక్తిగా కనబడును. మేము కూడ మొదట మెచ్చుకొంటిమి. మా ఇంట అమ్మగారు పటము చూచి, "పేడతట్టా, నీళ్లబిందే పట్టుకొని రోజుకు పదిసార్లు ప్రార్థన గదిలోనుంచి నడవాలా?" అనిరి. అంతటితో మా మెప్పు ముగిసెను. చాపెల్ కనబడుచుండవలెను, పిలిచిన వినబడు దూరములో ఉండవలెను. బ్రతుకునకు మాత్రము తన దారి తనకుండవలెను.

దాతల సంగతి కొంచెము చెప్పక తప్పదు. ఇంచుమించు ప్రతి ధర్మగృహము గుమ్మము మీదను దాత పేరు, అతని వంశపు చిహ్నము చెక్కియుండును. లోపలివారు అతడిచ్చిన అంగీ తొడిగి, గుర్తుబిళ్ల పెట్టుకొని తిరుగవలెను. ట్యూబులైటు మీద వెలుగు పడకుండునంత పొడవుగా పేరు వ్రాయించుకొను మనము వారిని ఆక్షేపింపలేము. అయితే పేరుకు ఇంకొక చిక్కు కలదు. లండన్ షోర్‌డిచ్‌లో 1714లో సర్ రాబర్ట్ జెఫ్రీ ధనముతో పదునాలుగు ఇండ్లు కట్టిరి. మూడు ప్రక్కల ఇండ్లు, ఎదుట చెట్లు, నడుమ చాపెల్, దాని గుమ్మము మీద జెఫ్రీ విగ్రహము. బహు చక్కని కట్టడము. 1910 ప్రాంతమున వృద్ధులను ఊరి వెలుపలికి మార్చిన తరువాత 1914లో అది మ్యూజియమాయెను. బానిసల వ్యాపారములో జెఫ్రీకి వాటా ఉండెను. ఆ కారణమున 2020లో ఆ విగ్రహమును తీసివేయవలెనని గొప్ప చర్చ లేచెను. బీదలకు తలుపులిచ్చిన ధనమే ఇంకొక బీదలకు సంకెళ్లు వేసినది. మన చందాల పుస్తకములో ఎవరి పేరు వ్రాయవలెనో, ఎవరి నోటు మర్యాదగా తిరిగి ఇచ్చివేయవలెనో కమిటీవారు ఆలోచించుకొనగలరు.

ఇంగ్లండులోనే దీనికి పూర్తిగా ఎదురైన కట్టడము మరియొకటి పుట్టెను. అది వర్క్‌హౌస్. 1834లో చేసిన బీదల చట్టము తరువాత దేశమంతట అట్టివి లేచినవి; 1824లో సౌత్‌వెల్‌లో కట్టినది అందుకు మాదిరి. పురుషులు ఒక ముంగిట, స్త్రీలు ఒక ముంగిట, పిల్లలు వేరొక ముంగిట. నలువది ఏండ్లు కాపురము చేసిన భార్యాభర్తలు గోడకు ఈవలావల. అందరికి ఒకే హాలులో మంచములు, ఒకే గంటకు భోజనము. బీదవాడు లోపలికి వచ్చుటకు భయపడవలెననియే అట్లు కట్టిరి. అక్కడ ఆకలి తీరలేదని చెప్పజాలము. ఇటుకయు అదే, సున్నమును అదే. తేడా ఎక్కడ? తలుపులు లెక్కబెట్టుడి.

ఇప్పుడు మన దేశపు మాట. "మనకు సత్రములు లేవా?" అని మీలో ఒకరు తప్పక అడుగుదురు. ఉన్నవి. లంకల గన్నవరములో డొక్కా సీతమ్మగారు (1841–1909) గోదావరి దాటి వచ్చిన వారికి వేళ కాని వేళ అన్నము పెట్టిన కీర్తి నేటికిని మాయలేదు. అక్కడి కాలువ వంతెనకు ఆమె పేరు పెట్టియున్నారు. మద్రాసులో 1782 కరువునాడు గంజి పోయుటకు ఆరంభమైన మణియకారు సత్రమునుండియే నేటి స్టాన్లీ ఆస్పత్రి పెరిగినది. బెజవాడనుండి భద్రాచలము పోవు త్రోవ మన ఊరిమీదుగనే పోవుచున్నది గనుక బాటసారికి అరుగు, నీడ, నీళ్లు ఎంత అవసరమో మనకు తెలియును. సత్రపు కట్టడము చూడుడి: వీధివైపు పొడవాటి అరుగు, లోపల ముంగిలి, బావి, పెద్ద వంటశాల. చాప పరచుకొనుటకు చోటు. రెండు మూడు రాత్రులుండి వెళ్లిపోవు మనిషికి ఇంతకంటె ఏమి కావలెను? అతనికి తిరిగి వెళ్లుటకు ఇల్లున్నది. ముసలివారు కొడుకు పంచను ఉందురని నమ్మిన దేశము, దారినపోవువాని కొరకే ధర్మము కట్టినది.

ఆ కొడుకు నేడు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, గల్ఫ్‌లోనో ఉన్నాడు. కొందరు కొడుకులు తల్లికంటె ముందే సమాధిలో ఉన్నారు. తలిదండ్రుల పోషణకు 2007లో చట్టము వచ్చినది. కొడుకుమీద ఫిర్యాదు వ్రాయించుటకు ఎంతమంది తల్లులు చేయి చాపుదురు? మన పాస్టరేట్‌లో ఒంటరిగా పొయ్యి రాజేసికొను ముసలమ్మల ఇండ్లకు క్రిస్మసునాడు చీర పట్టుకొని పోవుచున్నాము. మరునాడు వారు ఏమి వండుకొనిరో మనకు తెలియదు. వీరు బాటసారులు కారు. వీరికి కావలసినది సత్రము కాదు, ఇల్లు.

కాబట్టి మొదటి ప్లానును మేమే వెనుకకు తీసికొని, మేస్త్రీగారితో కూర్చుండి రెండవది గీయించితిమి. మూడు ప్రక్కల గదులు. నాల్గవ ప్రక్క చర్చివైపు తెరచియుండును. ఒక్కొక్క గది పది అడుగులు పండ్రెండు అడుగులు. వెనుక గోడకు పొయ్యిగట్టు, దాని పైన కిటికీ. కట్టెపొయ్యి పెట్టుకొన్నను, గ్యాసు పెట్టుకొన్నను వారి ఇష్టము. ముందు అందరికి కలిసి వసారా, ప్రతి గుమ్మము ప్రక్కన ఇద్దరు కూర్చుండునంత అరుగు. గడియ లోపలివైపు. మే నెలలో మన ఊరి ఎండకు ఒట్టి స్లాబు క్రింద ముసలిప్రాణము ఉడికిపోవును గనుక పెంకు వేయించవలెనని మా కోరిక. నడుమ ఉన్న వేపచెట్టును కొట్టనక్కరలేకుండ కొలతలు సర్దితిమి. వండుకొనలేని రోజున, జ్వరము వచ్చిన రోజున అందరికి కలిపి వండుటకు మూలన ఒక వంటగది ఉండనే యున్నది.

ఇక చేదు మాట. చేతిలోనున్న సొమ్ముతో ఈ విధముగా కట్టిన ఎనిమిది గదులే అగునని మేస్త్రీగారు లెక్క చెప్పిరి. హాలు కట్టిన పండ్రెండుగురు పట్టుదురు. అనగా నలుగురు బయట ఉండిపోవుదురు. "పొయ్యి కొరకు నలుగురిని వానలో పెట్టుదురా అయ్యగారూ?" అని సెక్రటరీగారు కమిటీలో అడిగిరి. ఆయన అడిగినది న్యాయమైన ప్రశ్న. ఆ నలుగురి పేర్లు మాకు తెలియును. ఆ రాత్రి వారిని తలంచుకొనకుండ ఉండలేకపోతిమి. మా జవాబు ఇంతమాత్రమే: హాలు ఒకసారి కట్టిన తరువాత దానిని ఇండ్లుగా మార్చుటకు చిచెస్టర్‌లో సుమారు నాలుగు వందల ఏండ్లు పట్టెను. పునాదులు మాత్రము పండ్రెండు గదులకును ఇప్పుడే వేయుదము. గోడలు ఎనిమిదింటికి లేపుదము. మిగిలిన నాలుగు పునాదులు ప్రతి ఆదివారము చర్చికి వచ్చునప్పుడు మన కాళ్లకు అడ్డము తగులుచునే యుండును. ఈలోగా ఆ నలుగురి పాకలకు కప్పు నేయించుట యౌవనస్థుల సంఘమువారు తమమీద వేసికొనిరి. తాటాకు ఎవరు ఇచ్చెదరో ఈ కూడిక ముగియకముందే చెప్పవలెను.

రెండు ప్లానులను వెస్ట్రీ గోడకు ప్రక్కప్రక్కన అంటించితిమి. వచ్చే ఆదివారము ఆరాధన తరువాత సంఘమంతయు చూచి తన మాట చెప్పవలెను. పురుషులు చూచుటకు ముందు స్త్రీలు చూడవలెనని మా మనవి. పొయ్యిగట్టు ఎత్తు మేస్త్రీగారు రెండున్నర అడుగులు పెట్టిరి. నడుము వంగినవారికి అది ఎక్కువగునేమో, క్రింద కూర్చుండి వండుకొను అలవాటుగలవారికి వేరుగా వేయవలెనేమో మాకు తెలియదు. శనివారము సాయంకాలము మామ్మను ఆటోలో తీసికొనివచ్చి అడుగుదము.